మార్షా పుట్టినరోజు, మా అక్క పుట్టినరోజు

మన ఇళ్ళల్లో ఆడదాని పుట్టినరోజు ఎవరికైనా గుర్తుంటుందా, చెప్పండి? మగవాడికి అరవై నిండితే షష్టిపూర్తి. మళ్ళీ తాళి, మళ్ళీ తలంబ్రాలు, వచ్చినవాళ్ళందరికీ స్టీలు డబ్బాలు. ఆ పీటలమీద ఆయన పక్కన తల వంచుకుని కూర్చున్నావిడకి ఎన్నేళ్ళని ఎవరూ అడగరు. ఆయనకి అరవై కనక ఆవిడకీ పండగే. నేనెప్పుడు పుట్టానే అని మా అమ్మనడిగితే, "వినాయకచవితి వెళ్ళిన నాలుగోనాడు. ఉండ్రాళ్ళ పిండి ఇంకా మిగిలే ఉంది" అంటుంది గాని తారీఖు మాత్రం చెప్పదు.

అలాంటి వంశంలో పుట్టిన మా పెద్దమ్మ కూతురు, 2024 వేసవిలో న్యూజెర్సీ నించి ఫోన్ చేసి, "సెప్టెంబర్లో నాకు యాభై నిండుతాయే. పార్టీ చేసుకుంటున్నాను, నువ్వు రావాలి" అంది. నాకు నవ్వొచ్చింది.

"ఎక్కడ? మీ ఎడిసన్లో ఏదైనా హాల్లోనా?" అన్నాను.

అటువైపు కాసేపు మాట లేదు. "కాదు. న్యూయార్కులో. గే బార్లో."

నా చేతిలో కాఫీ గ్లాసు జారిపడిందని రాస్తే నవలలాగే ఉంటుంది. నిజానికి గ్లాసు జారలేదు, నోరే జారింది. "నీకేమొచ్చిందే అక్కా!" అనేశాను.

"నాకేం రాలేదు. వాడడిగాడు" అంది. వాడంటే వాళ్ళబ్బాయి. ఇరవైయేడేళ్ళు, కంప్యూటర్ ఉద్యోగం, నెమ్మదైన కుర్రాడు. వాడికి మా చుట్టాలందరూ సంబంధాలు చూస్తున్నారు. నేనూ ఓ పిల్ల ఫోటో పంపాను. ఏ ఫోటో వెళ్ళినా అక్క "చూద్దాంలే" అంటూ దాటవేస్తోంది. ఆ "చూద్దాంలే" వెనకాల ఏముందో నాకు ఆ ఫోన్లో అర్థమైంది. మూడేళ్ళ కిందటే వాడు తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి చెప్పాడట, తన మనసు ఆడపిల్లలమీద లేదనీ, ఇక ముందు కూడా ఉండబోదనీ. అక్క ఆ రాత్రంతా ఏడ్చి, తెల్లవారి వాడికిష్టమైన పెసరట్టు వేసి పెట్టింది. బావగారు మాత్రం ఆ తరవాత ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. మూడేళ్ళపాటు ఒకే ఇంట్లో తండ్రీ కొడుకూ వాతావరణం గురించే మాట్లాడుకున్నారట.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయే చరిత్ర ఈ ఇంటిగుమ్మంలోంచే లోపలికొచ్చింది. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. ఫ్రెంచి విప్లవం కారణాలు పదీ ఒక్క గుక్కలో చెప్పేదాన్ని. కానీ ఒక బార్లో కూడా చరిత్ర మొదలవుతుందని ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు.

ఆ రోజు ఎడిసన్లో రైలెక్కాం. పట్టుచీరల్లో అక్కా, ఆవిడ స్నేహితురాళ్ళు నలుగురూ, నేనూ, కుర్రాడూ. కిటికీ దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని బావగారు. అక్క ఒళ్ళో కోడిగుడ్డు కలపని కేకు పెట్టె. ఒకావిడ హేండ్‌బాగులో జంతికలు. "బార్లో నంజుకోడానికి ఏమిస్తారో ఏమో" అని ఆవిడ ముందుజాగ్రత్త.

"అసలు బారే ఎందుకురా? మీకు మరో చోటు లేదా?" అని అడిగేశాను దారిలో.

వాడు కోప్పడలేదు. "అప్పట్లో ఇంకెక్కడ ఉండేది పిన్నీ? ఇంట్లో చెప్తే వెళ్ళగొట్టేవారు. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోయేది. నలుగురు కలుసుకోవాలంటే చీకటిగా ఉండే చోటే దిక్కు" అన్నాడు.

ఆ చీకట్లో కూడా సుఖంగా కూర్చోనిచ్చేవారు కారు. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయింది. ఆ మరుసటి ఏడు న్యూయార్కు రాష్ట్రంలో మద్యం లైసెన్సులు చూడ్డానికి ఒక అధికార సంస్థ పుట్టింది. లైసెన్సున్న ఏ దుకాణమూ "క్రమశిక్షణ లేని" చోటు కాకూడదని నియమం. వినడానికి బాగానే ఉంది కదూ? కానీ స్వలింగ ప్రేమికులు నలుగురు వచ్చి కూర్చుంటేనే అది క్రమశిక్షణ లేని చోటని అర్థం తీశారు. వాళ్ళు గ్లాసులు విసరక్కర్లేదు, కేకలు వెయ్యక్కర్లేదు. ఉండడమే నేరం. లైసెన్సు పోతుందన్న భయంతో మర్యాదగల బార్లు వాళ్ళని పొమ్మన్నాయి. మర్యాదలేని ముఠాలవాళ్ళు రమ్మన్నారు.

ముందుగా మేం వెళ్ళింది వెస్ట్ పదో వీధిలో ఉన్న జూలియస్ అనే పాత బారుకి. చెక్క బల్లలు, గోడలనిండా పాత ఫోటోలు, లోపలంతా మాంసం వేగుతున్న వాసన. అక్క ముక్కు మూసుకుని బంగాళాదుంప వేపుళ్ళు తెప్పించుకుంది. నేను కోకాకోలా అన్నాను.

1966 ఏప్రిల్ 21న సరిగ్గా ఈ బార్లోకి ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు కోట్లూ టైలూ కట్టుకుని వచ్చారు. మాటషీన్ సొసైటీ అని అప్పట్లో స్వలింగ ప్రేమికుల హక్కులకోసం పనిచేసే సంఘం ఉండేది. వాళ్ళకి నాయకుడు డిక్ లైట్ష్. తోడుగా క్రెయిగ్ రాడ్వెల్, జాన్ టిమన్స్. దారిలో రాండీ వికర్ కలిశాడు. నల్లవాళ్ళు దక్షిణాది హోటళ్ళలో వెళ్ళి కూర్చుని చేసిన సత్యాగ్రహం చూసి వీళ్ళకీ ఆ ఊహ వచ్చింది. పత్రికలవాళ్ళని వెంటబెట్టుకుని బారుకి వెళ్ళడం, "మేం స్వలింగ ప్రేమికులం. మర్యాదగానే కూర్చుంటాం. మాకు తాగడానికి పొయ్యండి" అని అడగడం. పొయ్యం అంటే అధికారులమీద ఫిర్యాదు చెయ్యడం. ఇదీ పథకం.

తమాషా ఏమిటంటే, ముందు వెళ్ళాలనుకున్న చోటు మూసి ఉంది. తరవాత వెళ్ళిన రెండు చోట్లా యజమానులు, దానికేం భాగ్యమని పోసేశారు! సత్యాగ్రహానికి బయల్దేరినవాళ్ళకి మర్యాద జరిగితే ఎంత ఇబ్బందో చూడండి. చివరికి జూలియస్‌లో దొరికింది వాళ్ళక్కావలసిన "లేదు". పోలీసులు అంతకు కొద్దిరోజుల ముందే అక్కడ సోదా చేసి ఉండటంవల్ల బార్‌మాన్ బెదిరిపోయి ఉన్నాడు. వీళ్ళు మాటన్నారో లేదో, గ్లాసుమీద అరచెయ్యి బోర్లించేశాడు. ఫ్రెడ్ మెక్‌డారా అనే ఆయన సరిగ్గా ఆ క్షణంలో ఫోటో తీశాడు.

ఆ ఫోటో నేను చాలాసేపు చూశాను. గ్లాసుమీద చెయ్యి. మన దగ్గర ఆ చెయ్యి కొత్తదా? వెనకటి రోజుల్లో టీదుకాణంలో కొందరికి వేరే గ్లాసుండేది. విధవ చేతి మంచినీళ్ళు పుణ్యకార్యంలో పనికొచ్చేవి కావు. చేతులు వేరు గాని, బోర్లించడం ఒక్కటే.

మా పక్క బల్లమీద ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళట. మా చీరలు చూసి ముచ్చటపడి, సంగతేమిటని అడిగాడు. అక్క యాభయ్యో పుట్టినరోజని చెప్పాం. "నా యాభయ్యోది కూడా ఇక్కడే చేసుకున్నాను, 1996లో" అన్నాడు. "పిలవాల్సినవాళ్ళ పేర్లు రాసుకున్నాను. సగం మంది లేరు."

ఎయిడ్స్ కేసులు మొదటిసారి అమెరికా వైద్యుల రికార్డుల్లోకి ఎక్కింది 1981 జూన్‌లో. గట్టిగా పనిచేసే మందుల కలయిక వచ్చింది 1996 ప్రాంతాల్లో. ఆ మధ్య పదిహేనేళ్ళలో ఈ వీధుల్లో పడుచుపిల్లలు ఎలా రాలిపోయారో ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. మనకి యాభై అంటే మోకాళ్ళ నొప్పులు, కళ్ళజోడు మార్పించుకోవడం. ఆయన తరానికి యాభై నిండడమే గెలుపు. అక్క మాట్లాడకుండా లేచి వెళ్ళి, ఆ జంతికల పొట్లం విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి కొరికి, పళ్ళు జాగ్రత్తగా తడుముకున్నాడు.

అక్కణ్ణించి స్టోన్‌వాల్ నాలుగడుగులు. క్రిస్టఫర్ వీధిలో ఇటుక గోడల ఇల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో అది గుర్రపుశాల! తరవాత భోజనశాల. 1967లో ముఠావాళ్ళు దాన్ని గే బారుగా మార్చారు. మద్యం లైసెన్సు లేదు. సభ్యుల క్లబ్బని పేరు. తలుపుకి చిన్న రంధ్రం, అందులోంచి చూసి మనిషి నచ్చితేనే లోపలికి. పుస్తకంలో సంతకం పెట్టాలి. ఎవరూ అసలు పేరు రాసేవారు కారు. బార్లో నీళ్ళ కుళాయి కూడా లేదు. తాగిన గ్లాసుల్ని తొట్టిలో ముంచి తీసి మళ్ళీ పోసేవారు. (ఇది విని మా జంతికలావిడ గబగబా తన గ్లాసు వంక చూసుకుంది.) పోలీసులకి మామూళ్ళు వెళ్ళేవి. సోదాకొచ్చేముందు కబురందేది. అప్పుడు లోపల తెల్లదీపాలు వెలిగేవి. వెలగ్గానే నాట్యం చేస్తున్నవాళ్ళు చేతులు వదిలేసి దూరంగా జరగాలి.

అంత దరిద్రపు చోటుని కూడా జనం ఎందుకు ప్రేమించారంటే, ఇద్దరు మగపిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నాట్యం చెయ్యగల చోటు ఆ ఊళ్ళో అంతకంటే మరోటి లేదు కనక. ఇంట్లోంచి గెంటేసిన పదిహేడూ పద్ధెనిమిదేళ్ళ పిల్లలు ఎదురుగా ఉన్న చిన్న పార్కులో బెంచీలమీద పడుకునేవారు. ఎలాగో డబ్బు పోగుచేసుకుని లోపలికొచ్చేవారు.

1969 జూన్ 28, శనివారం. అర్ధరాత్రి దాటి గంటా ఇరవై నిమిషాలు. ఈసారి కబురు రాలేదు. సీమోర్ పైన్ అనే పోలీసు అధికారి తన వాళ్ళతో లోపలికొచ్చాడు. లోపల రెండువందలమంది దాకా ఉన్నారు. మామూలుగా అయితే తలలు వంచుకుని వెళ్ళిపోయేవారు. ఆ రాత్రి వెళ్ళలేదు. బయటికొచ్చినవాళ్ళు అక్కడే నిలబడ్డారు. గుంపు పెరిగింది. చేతులకి బేడీలు వేసి బండిలోకి తోస్తున్న ఒక స్త్రీ పదేపదే తప్పించుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని "మీరు చూస్తూ ఊరుకుంటారా?" అన్నట్టు కేకేసిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆవిడ ఎవరన్నదానిమీద ఇప్పటికీ వాదాలే. ఆ కేకతో జనం తిరగబడ్డారు. నాణేలు విసిరారు, సీసాలు విసిరారు. వచ్చిన పోలీసులు బార్లోకే దూరి తలుపులు బిడాయించుకోవలసి వచ్చింది! ఎవరో రోడ్డుపక్క పార్కింగు మీటరు పెకలించి తెచ్చి తలుపుని పొడిచారు. గొడవ దఫదఫాలుగా జూలై మొదటివారం దాకా సాగింది. ఏడాది తిరిగేసరికి, 1970 జూన్ 28న, అదే వీధినించి సెంట్రల్ పార్కుదాకా పట్టపగలు వేలమంది నడిచారు. అప్పటిదాకా మారుపేర్లు రాసినవాళ్ళు మొహాలు చూపించి నడిచారు. ఇప్పుడు దేశదేశాల్లో జూన్‌లో జరిగే ఊరేగింపులకి అదే పుట్టినరోజు.

"పిన్నీ, ఇక్కడ పుట్టినరోజు చేసుకోవడం మా అమ్మతో మొదలు కాదు తెలుసా?" అన్నాడు వాడు. "ఆ రాత్రి మార్షా పి. జాన్సన్ తన ఇరవై అయిదో పుట్టినరోజు ఇక్కడే చేసుకుంటోందని చెప్పుకుంటారు."

మార్షా నల్లజాతి మనిషి. మగపిల్లవాడుగా పుట్టి ఆడదానిగా బతికింది. తలనిండా పువ్వులు పెట్టుకునేది. పేరులో ఆ 'పి' ఏమిటని అడిగితే, "పట్టించుకోవద్దు" అనే అర్థమని నవ్వేది. పుట్టింది న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో. పొద్దున మా రైలు ఆగిన ఊరే! బడి చదువు కాగానే పదిహేను డాలర్లూ, ఓ సంచీడు బట్టలూ పట్టుకుని న్యూయార్కు వచ్చేసింది. 1970లో సిల్వియా రివేరాతో కలిసి, దిక్కులేని ఇలాంటి పిల్లలకోసం ఒక సంఘం పెట్టి, వాళ్ళకి నీడ చూపించింది. తనకే సరైన ఇల్లు లేని మనిషి!

నాలో బి.ఏ. చరిత్ర మేల్కొంది. "ఆవిడెప్పుడు పుట్టిందిరా?"

"1945 ఆగస్టు 24."

వేళ్ళు లెక్కపెట్టాను. "జూన్‌లో పుట్టినరోజేమిటి? పైగా 1969కి ఇరవై నాలుగైనా నిండవు. ఇరవై అయిదెలా అవుతుంది?"

"బడికోసం మనవాళ్ళు తేదీలు దిద్దలేదూ? అలాంటిదేమో" అంది అక్క.

కాదు. మార్షాయే ఒక ముఖాముఖిలో చెప్పింది: ఆ రాత్రి ఊరి పైభాగంలో ఏదో పార్టీలో ఉన్నాననీ, ఇక్కడికొచ్చేసరికి రెండయిందనీ, అప్పటికే గొడవ జోరుగా ఉందనీ. అంటే మొదటి రాయి ఆవిడది కాదు. పుట్టినరోజూ కాదు. ఆవిడ దేనికీ గొప్ప చెప్పుకోలేదు. జనమే ఆవిడకి ఆ పుట్టినరోజు కట్టబెట్టారు.

మొదట నాకు కాస్త గర్వంగానే అనిపించింది, తప్పు పట్టాను కదా అని. తరవాత ఆలోచిస్తే మనసు మెత్తబడింది. పుట్టినరోజంటే ఏమిటి? నువ్వు పుట్టడం మాకు సంతోషం అని పదిమంది చెప్పడం. పుట్టడమే తప్పన్నట్టు లోకమంతా చూసిన మనిషికి, వెనకటివాళ్ళు ప్రేమకొద్దీ ఒక పుట్టినరోజు పండగ అల్లారు. తారీఖు తప్పే. ఆ తహతహ తప్పు కాదు. మార్షా 1992 జూలైలో హడ్సన్ నదిలో శవమై తేలింది. అప్పటికి నలభై ఆరేళ్ళు. మా అక్క చేరిన యాభైకి ఆవిడ చేరలేదు. 2020 ఆగస్టు 24న, బతికి ఉంటే డెబ్బై అయిదు నిండే రోజున, న్యూయార్కు రాష్ట్రం బ్రూక్లిన్‌లో నదొడ్డునున్న ఒక పార్కుకి ఆవిడ పేరు పెట్టింది. ఈసారి తారీఖు సరిగ్గానే ఉంది.

కేకు కోసేముందు వాడు నా పక్కనొచ్చి కూర్చున్నాడు. "పిన్నీ, 2009లో నీ సీరియల్ వచ్చేది గుర్తుందా? అమ్మ ప్రతివారం పైకి చదివేది. అందులో పక్కింటి అద్దెకున్నాయన, నడుం తిప్పుకుంటూ నడిచేవాడు, గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. ఆ పాత్ర రాగానే పాఠకులు పడిపడి నవ్వుతున్నారని ఉత్తరాలొచ్చేవి. అందుకని మరో రెండువారాలు పొడిగించాను కూడా.

"అమ్మ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాకు అప్పటికే తెలుసు పిన్నీ. నవ్వకపోతే అమ్మకి అనుమానం వస్తుందని నవ్వేవాణ్ణి."

వాడు నింద వేసినట్టు అనలేదు. ఎప్పటిదో బడి కబురు చెప్పినట్టే చెప్పాడు. నాకు మాత్రం గ్లాసుమీద బోర్లించిన ఆ చెయ్యి కళ్ళముందుకొచ్చింది. ఈసారి దానికి నా గాజులున్నాయి.

"తప్పయిపోయింది నాన్నా" అన్నాను.

తప్పని ఒప్పుకోడానికి పెద్దవాళ్ళకి ఎంతకాలం పడుతుందో ఆ బారే సాక్ష్యం. ఆ రాత్రి చేసింది తప్పేనని న్యూయార్కు పోలీసు కమిషనర్ జేమ్స్ ఓనీల్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2019 జూన్ 6న. యాభయ్యేళ్ళు! మన దేశంలో 1860నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ పెద్దవాళ్ళ ఇష్టపూర్వకమైన ప్రేమకి వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. నూట యాభై ఎనిమిదేళ్ళు. అన్నట్టు, లెక్కల మేధావి శకుంతలాదేవి స్వలింగ ప్రేమికుల గురించి సానుభూతితో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసిందని మీకు తెలుసా? 1977లో! అంకెల గారడీకి మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ పుస్తకం మాత్రం మనింటి బీరువాల్లోకి రాలేదు.

అక్క కేకు కోసింది. బార్లో ఉన్నవాళ్ళందరూ, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, గొంతు కలిపి పాడారు. యాభయ్యేళ్ళలో మా అక్కకి అంతమంది కలిసి పాడడం అదే మొదటిసారి. ఆవిడ సిగ్గుపడి పమిటకొంగుతో మొహం తుడుచుకుంది. స్నేహితురాళ్ళకి ఆ రోజుదాకా చెప్పని మాట అప్పుడు చెప్పింది: "వీడు నా కొడుకు. వీడికి నేనిక సంబంధాలు చూడను. వాడికి నచ్చినవాణ్ణి వాడే తీసుకొస్తాడు." జంతికలావిడ ఒక్క క్షణం తెల్లబోయి, "అయితే వంట వచ్చినవాణ్ణి చూసుకోమను" అంది. అందరం నవ్వాం. ఈ నవ్వులో వాడూ ఉన్నాడు. ఈసారి నటన లేదు.

బావగారు లోపలికి రాలేదు. "కాస్త గాలి పీల్చుకుంటాను" అని ఎదుటి పార్కులో ఉండిపోయారు. అక్కడ జార్జి సీగల్ చెక్కిన నాలుగు తెల్లటి బొమ్మలున్నాయి. ఇద్దరు మగవాళ్ళు నిలబడి, ఇద్దరు ఆడవాళ్ళు బెంచీమీద కూర్చుని ఉంటారు. బావగారు మరో బెంచీమీద, ఆ బొమ్మల్లాగే కదలకుండా కూర్చున్నారు. వాడు కాయితపు పళ్ళెంలో కేకు ముక్క పట్టుకుని రోడ్డు దాటాడు. మేం కిటికీలోంచి చూస్తున్నాం. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తరవాత బావగారు వేలెత్తి బారువైపు చూపించి ఏదో అడిగారు. వాడు చేతులు తిప్పుతూ చెప్పడం మొదలెట్టాడు. ఏమడిగారని తరవాత అడిగితే వాడన్నాడు: "గొడవ ఇక్కడేనా జరిగింది, పిల్లలకేమైనా దెబ్బలు తగిలాయా అన్నారు పిన్నీ."

మూడేళ్ళ తరవాత వాతావరణం కాని మాట అది.

ఆ పార్కూ చుట్టుపక్కల వీధులూ 2016 జూన్‌నించి జాతీయ స్మారక చిహ్నం. మేం తిరిగొచ్చిన కొన్ని నెలలకి, 2025 ఫిబ్రవరిలో, ఆ స్మారకం గురించిన ప్రభుత్వ సమాచారంలోంచి ట్రాన్స్‌జెండర్ అన్న మాట తీసేశారని చదివాను. రాతల్లోంచి మనిషిని తీసెయ్యడం ఎంత తేలికో నాకు తెలుసు. నేను పాతికేళ్ళుగా చేస్తున్న పనే అది. మరి రాతల్లోకి మనిషిని తీసుకురావడం? కొత్త నవలలో ఒక అబ్బాయి ఉన్నాడు. పెసరట్టంటే ఇష్టం, నడక మామూలుగానే ఉంటుంది. వాడికి ఒక పుట్టినరోజు కూడా ఇచ్చాను. తారీఖుతో సహా.